నిండుటైలు మేస్త్రి వేస్టేజీ లెక్క

బాబాయి టైలు కోయడు. నలభై ఏళ్లుగా నేలలు వేస్తున్న మేస్త్రికి ఇది రోగమేనని తోటి పనివాళ్లు అనేవాళ్లు. గది కొలత కుదరకపోతే గోడనైనా జరపమనేవాడు గాని, నిండు టైలు మీద కోతమిషను పెట్టేవాడు కాదు. ఒక డాక్టరుగారి స్నానాలగది నాలుగంగుళాలు చిక్కిపోయిందంటే ఆయన చలవే.

“మీరు కాస్త ఒద్దికగా నిలబడి పోసుకోండి సార్. టైలుకి ఒద్దిక తెలీదు!” అన్నాడట.

ఎస్టిమేటు రాస్తే, వేస్టేజీ అన్న మాటకి ఎదురుగా ఎప్పుడూ గుండుసున్నాయే. దాన్ని కూడా ముచ్చటగా దిద్దేవాడు. నిండుటైలు మేస్త్రి అని పేరు పడిపోయింది.

ఆయన అన్న కూతురికి భర్త పోయి ఏడాది కాలేదు. ముందుగదిలో గచ్చు పెచ్చులు లేచి, అత్తగారు రెండుసార్లు తట్టుకుని పడింది. ఇక టైల్స్ వేయించక తప్పదు. బాబాయిని పిలిచింది గాని, కిటికీ దగ్గర పరిచిన చాప మాత్రం తీయలేదు. దాని కింద భర్త అడుగు ఉంది. గచ్చు పోసిన రోజున, తాళాలు మరిచానంటూ తడి మీదే ఒక కాలు వేసి పరిగెత్తాడు. బాబాయి తాపీ ఎత్తి అతన్ని వీధి చివరిదాకా తరిమి, తిట్టి, అతను ఇప్పించిన టీ కూడా తాగి వచ్చేసరికి ఆ ఒక్క అడుగూ దిద్దడానికి వీల్లేనంతగా బిగిసిపోయింది.

ఇప్పుడు దాన్ని వదిలేయమని అడగడానికి ఆమెకి నోరు రాలేదు. అడుగుజాడ కోసం నేల ఆపుతారా ఎవరైనా?

“పన్నెండు, పది. రెండడుగుల టైల్స్ ముప్పై. ముక్క కోయక్కర్లేదు. ఇలాంటి గది దొరకడం నా అదృష్టం తల్లీ!” అని బాబాయి గోడని దువ్వాడు.

ఆమె టీ వంకతో వంటింట్లోకి పోయి, పొయ్యి వెలిగించకుండానే నిలబడిపోయింది. తిరిగొచ్చేసరికి కాగితం సిద్ధం. టైల్స్ ముప్పై. వేస్టేజీ ఎనిమిది. మందపాటి అద్దం ఒకటి.

“వేస్టేజీ ఎనిమిదేంటి బాబాయ్? నువ్వు కోయవుగా?”

“నాలుగు కోయాలి. నాలుగు సరిగ్గా తెగాలంటే ఎనిమిది పగులుతాయి. చెయ్యి తిరిగిన పనా ఏమన్నానా?”

“మరి నేలకి అద్దమెందుకు?”

“పాత గచ్చు మీదే పరుస్తాం కదా. ఆ అడుగున్న చోట టైలు వేయకపోతే గుంట మిగులుతుంది. పైన అద్దం లేకపోతే మీ అత్తగారి కాలు అందులో పడదూ?”

ఆమె చాప వైపు చూసింది. ఒక అంచు మడతపడి ఉంది.

“ఏడవకు,” అని కసిరాడు బాబాయి. “ఏడవాల్సింది నేను. ఆరోజు కాలు పెట్టొద్దంటే విన్నాడా నీ మొగుడు? పోయి కూడా నాచేత టైలు కోయిస్తున్నాడు!”

తీరా కోస్తే పగిలినవి పదకొండు. పగిలిన ప్రతిసారీ అల్లుణ్ణి పేరు పెట్టి మరీ తిట్టాడు. గుమ్మంలో కూర్చుని అత్తాకోడళ్లిద్దరూ ఒక్క తిట్టూ పోనివ్వకుండా విన్నారు. ఆ ఇంట్లో అతని పేరు అంత గట్టిగా వినబడి చాలా నెలలైంది.