పదమూడో సబ్బు

బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫైర్‌మన్ పైడిరాజు డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే అతని భార్య కనకానికి చిరాకు మొదలయ్యేది. బొగ్గుమసి పట్టిన ఆ బట్టల్ని ఉతకడం ఆమె వంతు. సంతలో అమ్మే నాటుసబ్బు మూడు కాణీలు. ఎంత రుద్దినా మసి సగమే వదిలేది.

పందొమ్మిది వందల ముప్ఫై ఆరో సంవత్సరం ఎండాకాలంలో తెలిపారా బజారులో ఒక సేఠ్ కొట్లోకి జింకబొమ్మ సబ్బు వచ్చింది. నాలుగు కాణీలు. పన్నెండు సబ్బుల పైకాగితాలు తెచ్చిస్తే పదమూడోది ఊరికే ఇస్తారట.

"ఊరికే వొస్తాది మావా!" అంది కనకం.

"ఊరికే ఇయ్యడానికి ఆడు మనకేటి సుట్టమా?" అన్నాడు పైడిరాజు.

వానలు మొదలయ్యేసరికి పన్నెండు కాగితాలూ పోగయ్యాయి. సేఠ్ వాటిని తిరగేసి చూసి, "ఫటా హై, నహీ చలేగా" అన్నాడు. చిరిగినవి పనికిరావట. అయినా తిరిగివ్వకుండా గల్లాపెట్టె పక్కన పడేశాడు.

రెండోసారి కనకం ఎవరినీ సబ్బు విప్పనివ్వలేదు. ఆమె నీళ్లకెళితే, పైడిరాజు మసి మొహంతో పెరట్లో నిలబడి ఎదురుచూడాల్సి వచ్చేది. ఒక్క మడత కూడా పడని పన్నెండు కాగితాలు పట్టుకెళితే, సేఠ్ ఈసారి లెక్క మారిందన్నాడు. ఇప్పుడు పద్దెనిమిది కావాలట.

కనకం ఆ కాగితాలు లాక్కుని ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి పడేసింది. పైడిరాజు నెమ్మదిగా అన్నాడు: "పన్నెండింటికీ కాణీ సొప్పున ఎక్కువిచ్చినాం కాదేటి? ఆ డబ్బుకి నాలుగు నాటుసబ్బులొచ్చును. ఆడు ఒకటిచ్చినా నష్టం మనకే."

"ఆ మాట ముందే సెప్పొచ్చుగా!"

"సెప్తే ఇన్నావా?"

దసరా ముందు సబ్బు కంపెనీ మనిషి ఎడ్లబండి మీద గ్రామఫోను పెట్టుకుని ఆ కొట్టు ముందుకే వచ్చాడు. పన్నెండు కాగితాలకి ఒక సబ్బు అని హిందీలో అరుస్తున్నాడు. పక్క క్వార్టర్ మంగాయమ్మను వెంటబెట్టుకుని కనకం జనాన్ని తోసుకుంటూ వెళ్లి, తన కాగితాలు బండి మీద పెట్టింది.

"పన్నెండని నువ్వంటావు, పద్దెనిమిదని ఈ సేఠ్ అంటాడు. ఎవరిది ఝూట్?"

ఆ మనిషి తెల్లబోయాడు. లెక్క ఎప్పుడూ మారలేదట. చిరిగినా బొమ్మ కనిపిస్తే చాలట. ఈ కొట్టు నుంచి కట్టలకొద్దీ కాగితాలు వచ్చాయనీ, వాటికి సబ్బులు సేఠ్‌కి ఇచ్చేశామనీ చెప్పాడు. మొదటిసారి తన కాగితాలు ఎందుకు తిరిగి రాలేదో కనకానికి అప్పుడు తెలిసింది.

"అయితే నా సబ్బు నువ్వు తిన్నావా?" అని ఆమె సేఠ్ మీద విరుచుకుపడింది. జనం గోల చేశారు. సేఠ్ రెండు సబ్బులు తీసి ఆమె చేతిలో పెట్టాడు. తమ కాగితాలు తేవడానికి మరికొందరు ఇళ్లకు పరుగెత్తారు.

ఇంటికి రాగానే రేపటి నుంచి నాటుసబ్బేనని కనకం ప్రకటించింది. పైడిరాజు తన చొక్కా వైపు చూసుకున్నాడు.

"మరి ఈ సబ్బుకే కదే మసి వొదిలేది."

"నష్టమన్నావు కాదేటి!"

"డబ్బు నష్టమే. సొక్కా బాగుంది."

కనకం తల పట్టుకుంది. వారం రోజులు ఆలోచించి, మంగాయమ్మతో పాటు ఆ క్వార్టర్ల లైనులోని ఆడవాళ్లందరినీ కూడగట్టింది. అందరూ కలిసి సేఠ్ దగ్గర ఒకేసారి పెట్టె సబ్బులు బేరమాడారు. గంటసేపు గొణిగి సేఠ్ సబ్బుకి కాణీ తగ్గించి నాటుసబ్బు ధరకే ఇచ్చాడు. ఆ పైన కాగితాల ఊసెత్తబోతే, కనకం చెయ్యి అడ్డంపెట్టి పెట్టె ఎత్తించమంది.