బన్ను మీద ఆకుపచ్చ ఆకు

దయామణి మనిషి చూస్తే గుప్పెడంత. నోరు మాత్రం చెరువు అలుగు దాకా వినిపించేది. కంభం చెరువు కింద ఒక చిన్న ఊళ్ళో మిషన్ వాళ్ళు ఆడపిల్లలకని పెట్టిన బోర్డింగులో ఆమె వంటమనిషి. నలభై రెండు మంది పిల్లలు, అందరికీ ఆమె అవ్వే. ఏ పిల్లైనా అన్నం వదిలేసి లేచిందంటే, "ఏందే, మీ నాయనేమన్నా జమీందారా? కూర్చో, తిను" అని రెక్క పట్టుకుని కూర్చోబెట్టేది. ఇంత నోరున్న మనిషి బతుకులో ఒక్కసారే నోరు మూసుకుంది. మూసుకోకూడని రోజున మూసుకుంది. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతుంది, కానీ చెప్పాలి.

ఆమె పుట్టింది కొనకనమిట్ల దగ్గర, ఊరి బయటి గూడెంలో. అప్పటి పేరు ఎల్లమ్మ. ఏడేళ్ళప్పుడు కరువు వచ్చి, అమ్మా నాయనా వారం తేడాతో పోయారు. మిషన్ వాళ్ళు గంజి పోస్తున్నారని ఎవరో అంటే విని, ఏడాది తమ్ముణ్ణి చంకనేసుకుని మూడు రోజులు నడిచి వచ్చింది. దారిలో ఒక తల్లి జొన్నరొట్టె ముక్క పెడితే, తాను నమిలి మెత్తగా చేసి వాడి నోట్లో పెట్టింది గానీ ఒక్క ముద్ద మింగలేదట. బాప్తిస్మంలో ఆమె దయామణి అయింది, వాడు వరప్రసాదం అయ్యాడు. తర్వాత పెళ్ళయింది, మూడేళ్ళకే మొగుడు పోయాడు, కడుపున ఒక కాయ కాయలేదు. ఇక ఆమెకు మిగిలింది తమ్ముడూ, బోర్డింగు పొయ్యీ.

ఆ పొయ్యి దగ్గరే మిషన్ నడిపే దొరసాని ఆమెకు బన్నులు కాల్చడం నేర్పింది. కిరసనాయిలు డబ్బా అడ్డంగా పడుకోబెట్టి, అడుగున ఇసుక పోసి, కింద నిప్పులు, పైన నిప్పులు. ప్రతి క్రిస్మస్‌కు పిల్లకొక బన్ను. బన్ను మీద తెల్లటి చక్కెర పూత, ఆ పూత మీద చిటికెన వేలి గోరంత ఆకుపచ్చ ఆకు. ఆ రంగు సీమ నుంచి వచ్చే చిన్న సీసాలోది. పిల్లలు బన్నును చుట్టూరా కొరుక్కుంటూ వచ్చి, ఆకు ఉన్న ముక్కను ఆఖరుకి దాచుకుని తినేవాళ్ళు.

నలభైమూడో సంవత్సరం వచ్చేసరికి యుద్ధం అన్నిటినీ ఊడ్చుకుపోయింది. దొరసాని అంతకుముందే ఓడెక్కి వెళ్ళిపోయింది. మైదా లేదు, చక్కెర రేషను కార్డు మీద చారెడు, రంగు సీసా ఎండిపోయింది. బోర్డింగు పెత్తనం దాసమ్మ టీచరమ్మ చేతికి వచ్చింది. ఆమె మంచిదే, కాకపోతే తన నీడకే జడుసుకునే రకం.

"దయామణమ్మా, ఈ ఏడు బన్నులొద్దులే. బొరుగులు, బెల్లం పెడితే సరిపోతాది" అందామె డిసెంబరు మొదట్లో.

"బొరుగులా! శవం ముందు చల్లేవి పండగపూట పిల్లల చేతిలో పెట్టమంటావా తల్లీ? ఇరవై ఆరేళ్ళుగా బన్ను లేని క్రిస్మస్ ఈ కాంపౌండులో లేదు. నేను చచ్చినాక మానుకోండి."

అని, పంతం పట్టింది. గిద్దలూరు సంత నుంచి కాసిని గోధుమలు తెప్పించి, అందులో సజ్జలు, కొర్రలు కలిపి తిరగట్లో తానే విసిరింది. ఎండుద్రాక్షకు బదులు నల్లమల నుంచి చెంచు ఆడవాళ్ళు దించుకొచ్చిన రేగుపండ్లు గింజ తీసి ఎండబెట్టింది. జీడిపప్పుకు బదులు శెనక్కాయ పప్పులు వేయించింది. కార్డు చక్కెర నెలరోజులు ముట్టకుండా దాచి, బియ్యప్పిండితో కలిపి పూతకు ఉంచింది. పిండి పొంగాలంటే ఈత కల్లు కావాలి. చర్చికి పోయే ఆడది కల్లుపాకలో కనబడితే ఇంకేమన్నా ఉందా! అందుకని గీత యల్లయ్య ఇంటికి దొడ్డిదారిన పోయింది.

"ఏంది దయామణమ్మా, పండగ ముందే మొదలుపెట్టినావా?" అని పళ్ళికిలించాడు యల్లయ్య.

"నోర్ముయ్ నాయనా, పిండికి. ముంతెడు పొయ్యి, చూసింది మరిచిపో" అంది ఈమె.

పిల్లలకు నక్షత్రాలు చేయడం కూడా ఆమే నేర్పేది. జొన్న దంట్లు చీల్చి చట్రం కట్టి, పాత పరీక్ష కాగితాలు చింతగింజల జిగురుతో అంటించేవాళ్ళు. పసుపు నీళ్ళు పూస్తే పచ్చన, అందులో సున్నం కలిపితే ఎర్రన. ఆకుపచ్చే కుదరలేదు. చిక్కుడాకు రసం పూస్తే సాయంత్రానికల్లా మట్టిరంగు తిరిగేది. రంగులు పూసే పిల్లల్లో ప్రేమకుమారి చెయ్యి మెరుగు. తొమ్మిదేళ్ళది. తండ్రి లేడు. తల్లి వీరమ్మ కొనకనమిట్ల వైపు కూలి చేసుకుంటుంది. తన ఊరి పిల్ల కాబట్టి దయామణికి దానిమీద కాస్త ఎక్కువ ఇది, పైకి తిట్టినా. ఈత పుల్ల కొస నమిలి కుంచె చేయడం దానికి నేర్పింది దయామణే. "మొన చెదిరినప్పుడల్లా పెదాల మీద తిప్పుకోవాలే, సూదిలాగా వస్తాది" అని చేసి చూపించింది కూడా.

పండగ ఐదు రోజులుందనగా వరప్రసాదం వచ్చాడు. చెరువు కింద నీటి మడుగుల్లో దోమల మందు చల్లే కూలీల్లో అతనొకడు. నడుముకు దోపుకున్న పొడుం డబ్బా తీసి అక్క చేతిలో పెట్టాడు. మూత తీస్తే లోపల ఆకుపచ్చ పొడి. అట్లాంటి ఆకుపచ్చ ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"ఏందిరా ఇది?"

"దోమల మందక్కా. రంగు లేదని ఏడుస్తాండావు గదా, నక్షత్రాలకు పనికొస్తాదని రవ్వంత తెచ్చినా."

"మందా? పిల్లలకేమన్నా అయితాదేమోరా."

"ఏమైతాది? ఊరి గొడ్లన్నీ ఆ మడుగుల్లోనే తాగుతాండాయి. ఒక్కటన్నా పడిందా? చేతులు కడుక్కోమంటాడు మేస్త్రీ, అంతే."

గొడ్లు తాగిన మాట నిజం. ఆ పొడి పిడికెడు తీసుకుని గంపల కొద్దీ దుమ్ములో కలిపి చల్లుతారన్న సంగతి అతనికీ తెలుసు, కానీ ఆ తేడా ఏమిటో తట్టలేదు. అది అచ్చమైన విషం. దోమ పిల్లలకే కాదు, మనుషులకూ విషమే. ఆ కాంపౌండులో ఆ ముక్క తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

నక్షత్రాలకు దయామణే గుడ్డపీలికతో పూసేశాక డబ్బా అడుగున కొంచెం మిగిలింది. దాన్ని చూస్తూ దయామణి అనుకుంది కదా, ఆకు లేకుండా ఆ బన్నులు బోసిగా ఉండవూ అని. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

పండగ ముందురోజు పొద్దున్నే డబ్బా పొయ్యి రాజేసింది. కల్లు వాసన, కాలుతున్న సజ్జపిండి వాసన కలిసి కాంపౌండు అంతా కమ్ముకున్నాయి. పదకొండు గంటలకల్లా నలభై రెండు బన్నులు చేటల్లో చల్లారుతున్నాయి. కొంచెం నల్లగా వచ్చాయి గానీ భలే పొంగాయి. పూత ఆరాక ప్రేమకుమారిని పిలిచి, మూకుట్లో ఆ ఆకుపచ్చ పొడి నీళ్ళతో కలిపి ఇచ్చింది. "ఆకు ఆకులాగా ఉండాల. గొంగళిపురుగులాగా గీసినావంటే వీపు పగులుతాది."

ఆ పిల్ల పొంగిపోయింది. చేట ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పుల్ల ముంచడం, పెదాల మీద తిప్పడం, ఆకు గీయడం. నలభై రెండు ఆకులు. దయామణి అంట్లు తోముతూ మధ్యమధ్య చూసి, చెయ్యి చాలా కుదురుగా ఉందే అని మురిసిపోయింది. మూకుడు పక్కన నాలుగైదు ఈగలు వెల్లకిలా పడి ఉన్నాయి. చలికి చచ్చినాయిలే అని కొంగుతో దులిపేసింది. ఆ ఈగల దగ్గరన్నా ఆగి ఆలోచించి ఉంటే! ఏం లాభం ఇప్పుడు అనుకుని.

మధ్యాహ్నం మూడు గంటల వేళకు ప్రేమకుమారి దొడ్డిగోడ దగ్గర వంగి వాంతి చేసుకుంటోంది. కాసేపటికి విరేచనాలు పట్టుకున్నాయి. దాసమ్మ టీచరమ్మ గుండెలు బాదుకుంది. "వాంతిభేది! దేవా, నలభై మంది పిల్లలు!" కంభంలో ఉన్న కంపౌండరుకు మనిషిని పంపి, మిగతా పిల్లల్ని చర్చిలోకి తోలి తలుపు వేసింది. దయామణి ఆ పిల్లను ఒళ్ళోకి తీసుకుని మూతి తుడిచింది. కొంగుకు ఆకుపచ్చ అంటింది.

పిల్లను పడుకోబెట్టి, చెప్పుల్లేని కాళ్ళతో చెరువు దారిన పరుగెత్తింది. మడుగు గట్టున దుమ్ము జల్లిస్తున్న తమ్ముడి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఒరే, ఆ పొడి నోట్లోకి పోతే ఏమైతాది? నిజం చెప్పు."

వరప్రసాదం చేతిలోని జల్లెడ కింద పడేశాడు. "ఎవరు తిన్నారక్కా?"

"ముందు చెప్పరా!"

"పెద్ద డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటాది. మేస్త్రీ తాళమేసి పెడతాడు. నేను కాగితాలకే గదా అనుకున్నా. నోట్లోకి యాడ పోతాదిలే అనుకున్నా." కాళ్ళ మీద పడ్డాడు. "అక్కా, ఎవరికీ చెప్పమాక. అది దొంగతనంగా తెచ్చినా. యుద్ధం రోజులు, సర్కారు సరుకు. నన్ను తీసుకపోతారు. నాకు నలుగురు బిడ్డలు."

చంకనేసుకుని మోసి, నమిలి పెట్టి బతికించుకున్నవాడు. ఆమె వెనక్కి తిరిగి నడిచింది.

వచ్చీ రాగానే చేటలు రెండూ తెచ్చి, నలభై రెండు బన్నులూ దొడ్లో పాత సున్నపు గోతిలో కుమ్మరించింది. నక్షత్రాలు కూడా తెంపుకొచ్చి వేసింది. పార తీసుకుని మట్టి లాగుతుంటే, చర్చి కిటికీల్లోంచి చూసిన పిల్లలు ఒక్కసారిగా ఏడ్పు అందుకున్నారు. "అవ్వా, మా బన్నులు! అవ్వా!"

"ఏం చేస్తాండావు, మతి పోయిందా?" అని దాసమ్మ ఉరికి వచ్చింది.

దయామణి పార ఆపలేదు. "వాంతిభేది వచ్చిన ఇంట్లో చేసిందేదీ నోట్లో పెట్టగూడదు" అంది.

అదీ ఆమె చెప్పిన అబద్ధం. దాసమ్మ చల్లబడిపోయి చేతులు జోడించింది.

కంపౌండరు వచ్చి వాంతిభేదికి ఇచ్చే మందే ఇచ్చాడు. వేరే మందు ఏదైనా ఉందో లేదో, చెప్పి ఉంటే ఆ పిల్ల దక్కేదో లేదో, ఎవరికి తెలుసు? దయామణి మంచం మీద పిల్ల తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా తమ్ముడి పిల్లలు కళ్ళ ముందు నిలబడేవాళ్ళు. మూసుకున్నప్పుడల్లా ఒళ్ళోని పిల్ల మూలిగేది. ఆ రాత్రి సంగతి నన్నడక్కండి. పండగ పొద్దున చర్చి గంట మోగుతుండగా, ఏమైతే అదైంది, పోతే వాడు జైలుకు పోతాడు అనుకుని, లేచి గడప దగ్గర కునుకుతున్న కంపౌండరును తట్టి లేపింది.

"అయ్యా, ఒక మాట చెప్పాల. ఈ పిల్ల..."

ఆయన లోపలికి వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని చూశాడు. "ఇంక మాటలెందుకు పెద్దమ్మా" అని దుప్పటి ముఖం మీదికి లాగాడు.

వాంతిభేది అనే రాసుకున్నారు. ఇంకే పిల్లకూ ఏమీ కాలేదు. కాకపోయేసరికి ఊరు ఊరంతా ఒకటే మాట: దయామణికి ప్రభువు ముందే చూపించాడు, ఆ తిండి గోతిలో పోసి నలభై ఒక్క మందిని కాపాడింది. దారిలో కనబడితే తల్లులు పిల్లల్ని తెచ్చి ఆమె చెయ్యి తలమీద పెట్టించుకునేవాళ్ళు. ఆమె చెయ్యి లాక్కునేది. అణకువ అనుకున్నారు జనం. ఇంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టు వేస్తుందో నాకు తెలియదు.

నెల తిరగకుండా వీరమ్మ వచ్చింది, రెండో కూతుర్ని వెంటబెట్టుకుని. దానికి ఆరేళ్ళు. అచ్చం అక్క ముఖమే. వీరమ్మ వంటింటి గడపలో కూలబడి, "అక్కా, పెద్దది నీ ఒళ్ళోనే పోయిందంట. అంతవరకన్నా నోచుకుంది. ఈ చిన్నదాన్ని కూడా నీ దగ్గరే వదలాలని వచ్చినా. నీ చేత్తో ఇంత పెట్టు, బతుకుతాది" అంది.

దయామణి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "వీరమ్మా, నీ బిడ్డను చంపింది నేనే. వాంతిభేది కాదు. నేనిచ్చిన రంగు. నా చేత్తోనే ఇచ్చినా, నోట్లో పెట్టుకోమని నేనే నేర్పించినా. నన్ను కొట్టు, చంపు, పోలీసులకియ్యి."

వీరమ్మ కళ్ళు తుడుచుకుంది. తర్వాత తన కొంగుతోనే దయామణి కళ్ళు తుడిచింది.

"ఊరుకో అక్కా. కన్నతల్లిని, నాకూ అట్లనే అనిపిస్తాది, నేనే చంపుకున్నానని. దుఃఖం ఎన్నన్నా అనిపిస్తాది. నువ్వట్ల అనుకోమాక" అని, దయామణి కుడిచెయ్యి అందుకుని చిన్నదాని తలమీద పెట్టింది. ఆ చిన్నది తలెత్తి చూసి, "అవ్వా, ఆకలైతాంది" అంది.