పడవలకి కళ్ళెందుకు

నిన్న మోరిస్‌విల్‌లో అమ్మావాళ్ళింట్లో పాత బట్టలు సర్దుతుంటే, అమ్మ చలికోటు జేబులోంచి ఒక నల్లటి ఇయర్‌పీస్ జారిపడింది. ఇరవై ఏళ్ళయినా దాని స్పాంజికి ఇంకా కొబ్బరినూనె వాసన వచ్చిందో, వచ్చిందని నేననుకున్నానో. అది మా అమ్మమ్మ చెవి వాసన. "పారెయ్యనా?" అంది అమ్మ. నేను గబుక్కున లాక్కున్నాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మమ్మ ఆకివీడు నుంచి అమెరికాకి, మా దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చింది. అమ్మా నాన్నా ఆఫీసులకి వెళ్ళిపోయాక ఆ పెద్ద ఇంట్లో పొద్దంతా ఒక్కతే. పోస్ట్ వ్యాను చప్పుడైతే కిటికీ దగ్గరికి వెళ్ళేది, ఎవరైనా కుక్కని తిప్పుతూ పోతుంటే మలుపు తిరిగేదాకా వాళ్ళనే చూసేది. స్కూల్లో నాదీ అదే బతుకు, లంచ్ టేబుల్ చివర ఒక్కదాన్నే. మూడున్నరకి స్కూల్ బస్సు దిగేసరికి చీర మీద అమ్మ చలికోటు, కాళ్ళకి నాన్న సాక్సులు వేసుకుని ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలబడి ఉండేది. ఇక సాయంత్రమంతా చేగోడీలు నములుతూ, అట్టముక్క మీద గళ్ళు గీసుకుని, గవ్వలు దొరక్క పిస్తా తొక్కలతో అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. టీవీలో ఎవరు మాట్లాడినా "ఏవంటన్నాడే?" అనేది, నేను తెలుగులోకి తిప్పి చెప్పేదాన్ని. ఇంట్లో నాకున్న ఒకే ఒక్క ఉద్యోగం అది, దాన్ని చూసుకుని నాకు ఎక్కడలేని గర్వం.

ఆ స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి నాన్నకి మాల్టా ద్వీపంలో ఆఫీసు పని పడితే అందరం వెళ్ళాం, చివరిరోజు నాన్న బస్ టూర్ బుక్ చేశాడు. బస్సెక్కగానే అందరికీ తలా ఒక ఇయర్‌పీస్ ఇచ్చారు, గైడ్ మైకులో మాట్లాడితే అందరి చెవుల్లోనూ వినిపించేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అమ్మమ్మ ఇయర్‌పీస్ తియ్యలేదు, "అందరూ పెట్టుకున్నారు కదే" అంది. తేనెరంగు రాతిగోడలు, సముద్రం వైపు నోళ్ళు తెరిచిన ఫిరంగులు, చర్చిలో కొవ్వొత్తుల వాసన, కోటమీద అమ్మమ్మ కొంగుని జెండాలా లేపేసే ఉప్పుగాలి, అన్నీ ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టున్నాయి.

ఈ ఊరు నైట్స్ కట్టించారు అన్నాడు గైడ్. గుర్రాలెక్కి కత్తులు తిప్పే ఆ నైట్స్ ఎవరో నాకు తెలుసు, వాళ్ళని తెలుగులో ఏమంటారో తెలియదు. అమ్మమ్మేమో నా చెయ్యి లాగుతోంది. నోటికి దొరికింది అనేశాను. "ఊరంతా రాత్రుళ్ళు కట్టారంట అమ్మమ్మా."

"పాపం, పగలు ఎండకి తాళలేక కాబోలు" అంది. మధ్యాహ్నం కోటగోడ మీద అందరం కూర్చుని హోటల్ గదిలో చేసుకొచ్చిన పులిహోర తింటుంటే, "ఇంత గోడ చీకట్లో కట్టారంటే దీపాలు పట్టుకోడానికే ఎంతమంది కావాలో!" అని ఆశ్చర్యపోయింది. సంగతేమిటని నన్నడిగి తెలుసుకున్న నాన్నకి నవ్వుతో పొలమారింది. "ఓసి పిచ్చిమొహమా, ఆ నైట్స్ వేరు, ఈ నైట్స్ వేరే!" అని, ఊరుకోక ఆ ముచ్చట ఇంగ్లీషులో గైడ్‌కి కూడా చెప్పాడు. గైడ్ మైకు ఆపకుండానే నవ్వాడు, ఆ నవ్వు ఇయర్‌పీస్‌లోంచి నేరుగా నా చెవిలోకొచ్చింది. చుట్టూ అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆఖరున ఒక చేపల రేవులో ఆగాం. నీలం, పసుపు, ఎరుపు చారల పడవలు, ప్రతి పడవకీ ముందు రెండు కళ్ళు.

"పడవలకి కళ్ళెందుకే? ఏవంటన్నాడు?"

"తెలీదు" అన్నాను.

తెలుసు. గైడ్ చెప్పిన ప్రతి ముక్కా విన్నాను. అమ్మమ్మ నా మొహం చూసి మళ్ళీ అడగలేదు, మిగతావాళ్ళు తలూపినప్పుడల్లా తనూ ఊపుతూ నిలబడింది. తిరుగు బస్సులో నా చెవిలో, "నువ్వు చెప్పిందే బావుందే. రాత్రుళ్ళు కట్టారనే చెప్తాను మనూళ్ళో" అంది. నేను కిటికీవైపు తిరిగిపోయాను. ఆ తిరగడం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంటికొచ్చాక కూడా ఏమడిగినా "అమ్మని అడుగు" అనేదాన్ని, అదీ ఇంగ్లీషులో. అట్టముక్క సోఫా కిందకి పోయింది. మే నెలలో అమ్మమ్మ వెళ్ళిపోయింది. తర్వాత ఫోన్లో బావున్నావా అంటే బావున్నాను, అంతే. నేను కాలేజీలో ఉండగా పోయింది. ఆ తర్వాతే పట్టుబట్టి మళ్ళీ తెలుగు నేర్చుకున్నాను, ఇలా రాసేంత.

ఇప్పుడు ఆ ఇంట్లో పిస్తా తొక్కలు చెత్తబుట్టలోకి పోతాయి, అమ్మా నేనూ ఇంగ్లీషులో టెక్స్ట్ చేసుకుంటాం. నిన్న మూడున్నరకి స్కూల్ బస్సు ఆగి, ఎవరి పిల్లలో దిగి, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. నేను ఖాళీ డ్రైవ్‌వేలోకి వెళ్ళి నిలబడి, ఇయర్‌పీస్ చెవిలో పెట్టుకున్నాను.

"సముద్రం మీద ఎంత చీకటి పడ్డా, దారి చూసుకుంటూ ఇంటికొచ్చెయ్యడానికంట అమ్మమ్మా" అన్నాను.