సాహెబ్ తట్టి చూసిన కట్టె

మా పక్కింటి సాహెబ్ మొన్న శుక్రవారం పొద్దున పోయాడు. కబురు అందేసరికి నేను పొలంలో నారు పీకుతున్నాను. చేతుల బురద కూడా కడుక్కోకుండా పరుగెత్తాను. నాలుగో తరగతి చదివినవాణ్ణి, ఇట్లాంటివి రాయడం రాదు. అయినా అంతటి మనిషి ఇన్నేళ్లు మా గోడకు అవతలే ఉన్నాడని పదిమందికీ చెప్పుకోకుండా ఉండలేను.

ఆయన అల్లపల్లి అడవి డిపోలో ముద్ర సుత్తె పట్టినవాడు. టేకు దుంగను వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి విని, గట్టిదైతేనే దాని కొసన సుత్తెతో ముద్ర కొట్టేవాడు. యుద్ధం రోజుల్లో వాల్తేరులో బాంబుల నుంచి దాక్కోవడానికి నేల కింద గదులు తవ్వుతున్నారని దుంగలు అడిగారు. పైవాళ్లు తొందరపెడితే ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, తట్టకుండానే బండ్లకొద్దీ ముద్ర కొట్టాడు. ఆ కట్టె వెంటే వడ్రంగం తెలిసిన తమ్ముణ్ణీ పంపాడు. నెల తిరక్కుండానే కప్పు కూలిందని, తమ్ముడు అందులోనే పోయాడని జాబు వచ్చింది.

అప్పటి నుంచి ఆయన తట్టని కట్టె లేదు. మా తలుపు, మా మంచం, ప్రాణహిత మీద పడవ. "ఒక్కరోజు వినలే భాయి, ఇగ రోజూ వింటున్న" అనేవాడు.

మూడేళ్ల కింద మా పెద్దోడికి వాల్తేరు రైల్వేలో నౌకరీ దొరికింది. సంతోషం పట్టలేక ఊరంతా బెల్లం పంచాను. వాణ్ణి చూడబోతూ సాహెబ్‌నూ రమ్మన్నాను. మంచిర్యాలలో రైలెక్కింది మొదలు నాకు కొడుకు ముచ్చటే. ఆయన కూర్చున్న బల్లను తట్టుకుంటూ, "జర ఆగు భాయి, ఇంజను సుత నీళ్లకు ఆగుతది" అన్నాడు.

మా వాడు కావలివాణ్ణి అడిగి, సాహెబ్ తమ్ముడు పోయిన ఆ నేలగది చూపించాడు. మెట్లు దిగితే ఒకటే చెమ్మ వాసన. సగం కప్పు కూలింది కూలినట్టే వదిలేశారు. సాహెబ్ కందిలి దీపం పట్టుకుని, విరిగిన ఒక్కో కంబాన్నీ రుమాలుతో తుడిచాడు, గోటితో గీకాడు, వాసన చూశాడు. చివరికి నేల మీద కూలబడ్డాడు.

"మామిడి కట్టె, భాయి. నా టేకు ఒక్కటి గూడ లేదు. ఎవడో తోవల్నే అమ్ముకున్నడు."

నాకు ప్రాణం లేచొచ్చింది. మరి నీ తప్పు కాదు గద సాహెబ్ అని భుజాలు పట్టి ఊపాను.

"తప్పు నాదైతెనే బాగుండు" అన్నాడు. "తిట్టుకునేందుకు ఒక మనిషన్న ఉండె."

తిరిగొచ్చాక, ఆ టేకు అమ్ముకున్నదెవరో తేల్చమని సర్కారుకు అర్జీల మీద అర్జీలు పెట్టాడు. కాగితాల ప్రకారం అక్కడున్నది టేకేనని, దానికి ఆయన ముద్రే సాక్ష్యమని ఏడాదికి జవాబు వచ్చింది. దాన్ని ఆయన చింపలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి మళ్లీ ఏ కట్టెనూ తట్టలేదు. ఆ చప్పుడు లేక మా ఇల్లు బోసిపోయింది.

శుక్రవారం సాయంత్రం ఆయన్ను గోరీలోకి దించాక, పైన పరిచేందుకు చెక్కలు తెచ్చారు. ఆయన కొడుకులు అందుకోబోతుంటే జర ఆగమన్నాను. వంగి, ఒక్కో చెక్కనూ వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి విన్నాను.

మూడోదాన్ని పక్కన పెట్టించాను.