పలకరించడానికి వచ్చినవాళ్ళు

తొంభైల చివర నేను కొబ్బరి కొట్టులో కాయల లెక్క చూసేవాణ్ణి. ఒక ఉదయం అక్కడ టీ కాచే పంపు స్టవ్ పేలి నా ఛాతీ, రెండు చేతులు కాలాయి. ఆసుపత్రి నుంచి తెచ్చి ఇంట్లో అరటాకుల మీద పడుకోబెట్టారు. ఆకు మార్చినప్పుడల్లా రసి జిగురుగా దానితో లేచి వచ్చేది. నా వాసనకి నాకే డోకు వచ్చేది.

అంతకన్నా రోత పలకరింపులు. రాత్రి కన్ను మూస్తే స్టవ్ బుసకొట్టేది. తెల్లారి తొమ్మిదింటికి కాస్త మగత పట్టేది. పరామర్శకి జనం వచ్చేదీ అప్పుడే. పెద్దవాళ్ళొస్తే పడుకుని ఉండటం మర్యాద కాదని నా భార్య తట్టి లేపేది.

"ఏవండీ, మీ పెదనాన్నగారు వచ్చేరు."

"పడుకోనియ్యమ్మా" అంటూనే ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని దుప్పటి ఎత్తి చూసేవారు. "అసలెలా జరిగిందిరా అబ్బాయ్?"

చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ మళ్ళీ కాలేవాణ్ణి. పద్దెనిమిదోసారికి, ఎక్కడ ఆగితే వినేవాళ్ళు "అయ్యో" అంటారో తెలిసిపోయి అక్కడే ఆగాను. ఆ రోజు నా మీద పుట్టిన అసహ్యం నా పుండ్ల మీద కూడా పుట్టలేదు.

ఒకనాడు ఇంటికప్పు వాసాలు లెక్కపెట్టాను. ఇరవై రెండు. మళ్ళీ పెడితే పంతొమ్మిది. మూడోసారి ఇరవై నాలుగు. వేల కాయల్లో ఒక్కటి తప్పని లెక్క నాది. మతి పోతోందని భయం పట్టుకుంది.

అమలాపురంలో కట్టు మార్చే డాక్టరుగారు "నిద్ర పడుతోందా?" అంటే అంతవరకూ "ఆయ్, పడుతోందండి" అనేవాణ్ణి. ఈసారి నిద్ర లెక్క రాసే పుస్తకం చూపించమని నా భార్యతో అన్నాను. నా చేతులకి కట్లు, అందుకని రోజూ నేను చెబితే నా భార్య రాసేది: ఎంతసేపు నిద్ర, ఎంతమంది వచ్చారు.

ఆయన చదివారు. కన్ను మూస్తే స్టవ్ వినబడుతోందని, మతి పోతోందని చెప్పాను. "ఎవరూ రాని రోజు మూడు గంటలు. నలుగురొస్తే అరగంట. కాలినవాళ్ళకి ఈ భయం మామూలేనమ్మా, మందిస్తాను. మరి లేపుతున్నదెవరు?"

నా భార్య తల దించుకుంది.

మర్నాడు గుమ్మంలో ఆమె గొంతు వినబడింది. "ఆయన పడుకున్నారండి పెదమావయ్యగారూ."

"ఓసారి చూసెళ్ళిపోతానమ్మా" అంది పెదనాన్న గొంతు.

"చూడ్డానికేముందండి, పుండు. లేపనండి."

చెప్పుల చప్పుడు దూరమైంది. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

లేచాక ఆమె పుస్తకం తెరిచి ఎంతసేపని అడిగింది. నాకు తెలియదన్నాను. గడియారం చూసి రెండున్నర గంటలని తనే వేసింది. వచ్చినవాళ్ళ గడిలో ఒకటి వెయ్యబోయి ఆగింది. తర్వాత సున్న చుట్టింది.