పాలరాతి మీద పళ్ళెమంత మసక

నా చిన్నప్పుడు, జూబ్లీహిల్స్ కొండ మీద ఒక పాలరాతి మహల్లో, ఒక నర్తకి పరువు నిలబెట్టడానికి ఒక వృద్ధ యోధుడు తన కీర్తిని తన చేతులతోనే తుడిచేసుకున్నాడు. గుండె చిక్కబట్టుకుని వినండి, ఇది మహాకావ్యం.

కాదులెండి. మహల్ అంటే షూటింగులకి కిరాయికిచ్చే రెండంతస్తుల ఇల్లు. నర్తకి అంటే రహమత్ నగర్‌లో మా పక్కింటి అక్క. సినిమా పాటల్లో హీరోయిన్ వెనకాల ఆడే గుంపులో ఒకతె. వృద్ధ యోధుడు మా తాతయ్య. నేలలకి పాలిష్ పట్టే మిషన్ ఆయన ఆయుధం, మోకాళ్ళ నొప్పి ఆయన వాహనం. ఇక యుద్ధం భోజనాల బ్రేక్‌లో జరిగింది. అందరూ అన్నం మీద ఉన్నారు కాబట్టి చూసినవాళ్ళు కూడా పెద్దగా లేరు.

నాకింకా ముప్పై నిండలేదు, అప్పుడే చిన్ననాటి జ్ఞాపకాలేమిటని మీరు అడగవచ్చు. మొన్న మా మేనకోడలు "అత్తా, మీ కాలంలో కరెంటు ఉండేదా?" అని చాలా మర్యాదగా అడిగింది. ఆ క్షణం నుంచి నేను పెద్దల్లో చేరిపోయాను. పెద్దలన్నాక జ్ఞాపకాలు రాయాలి కదా.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఒకచోట కూర్చోవడం చేతకాని పిల్లని. అన్నం తింటూ ఇల్లంతా తిరిగేదాన్ని, ప్రార్థనలో కళ్ళు మూసుకుని కాళ్ళు ఊపేదాన్ని. వేసవి సెలవుల్లో అమ్మ ఎర్రగడ్డలో కుట్టుపనికి పోతే నన్ను పట్టుకునే దిక్కు లేక తాతయ్య తన వెంట పనికి తీసుకుపోయేవాడు. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి "కదిలావో, మిషన్ కింద పెట్టి నిన్నూ నున్నగా చేసేస్తా" అనేవాడు. కదిలేదాన్ని. నున్నగా అయింది మాత్రం ఏమీ లేదు.

ఆ మిషన్‌ని చూస్తే నాకంటే పెద్ద అల్లరిది అనిపించేది. అడుగున రాళ్ళు గిరగిరా తిరుగుతుంటే, నీళ్ళు పోస్తుంటే, ఇడ్లీపిండి లాంటి తెల్లటి బురద చిమ్ముతూ తాతయ్యని నాలుగు దిక్కులకీ గుంజేది. ఆయన పిడి పట్టుకుని, మొండి దూడని కట్టుగొయ్యకి తెచ్చినట్టు మళ్ళీ దారిలోకి తెచ్చేవాడు. రాళ్ళు ఆరు నంబర్లు. ఒకటో నంబరు బాగా గరుకు, ఆరోది నున్నన. నేలంతా ఒకటితో అరగదీసి, కడిగి, రెండు బిగించి మళ్ళీ అంతా. అలా ఆరుసార్లు. చివర్లో ఏదో తెల్లపొడి వేసి రుద్దితే అప్పుడు మెరుపు. సాయంత్రం స్విచ్ కట్టేశాక కూడా ఆయన చేతుల్లో మిషన్ తిరుగుతూనే ఉండేది. టీ గ్లాసు పట్టుకుంటే అందులో అలలు లేచేవి.

ఈ ఇంటి హాలుకి ఎనిమిది రోజులు పట్టింది. ఇంటి అమ్మగారిని మేమెప్పుడూ చూడలేదు. ఆవిడ గొంతు మేనేజర్ ఫోన్లో ఉండేది. పైకప్పుకి వేలాడే గాజుదీపాల షాండ్లియర్ నేలలో కనబడాలి, అదీ ఆవిడ ఆజ్ఞ. ఎనిమిదో రోజుకి నిజంగానే కనబడింది. పైన ఒకటి, కింద ఒకటి. అడుగేస్తే లోపల పడిపోతానేమోనని నేను అంచునే నడిచాను. తాతయ్య మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని అలా చూస్తూ నిలబడ్డాడు. ఆయన దేన్నైనా అంతసేపు చూడడం నేనప్పుడే చూశాను.

ఆ హాల్లోనే అక్క పాట. తను నాలుగేళ్ళుగా సినిమాల్లో ఉంది, కానీ చుట్టాలెవరూ నమ్మరు. ఒక పాటలో మోచెయ్యి పడింది, ఇంకో పాటలో జడ. ఎప్పుడూ నాలుగో లైను. "ఈ పాటల గూడ మొహం కనబడకుంటే డ్యాన్సు గీన్సు బంద్. సూపర్ మార్కెట్ల చేరు" అని వాళ్ళమ్మ తేల్చేసింది. అలాంటిది ఈసారి డ్యాన్సు మాస్టారు తనని ముందు లైన్లో వేశాడు. డాబా మీద ఆరేసిన చీరల మధ్య ఆడి చూపిస్తూ అక్క నాతో చెప్పింది. "పోరీ, షాండ్లియర్ ఉంది సూడు, సీదా దాని కిందనే నేను. కెమెరా నా మొహం మీదనే ఉంటది. ఫికర్ అయితుందే!"

నేను ఆ బెంగ తగ్గిద్దామనుకున్నాను. అదీ నా నేరం.

షూటింగ్ రోజు పొద్దున్నే, ఏదైనా అవసరం పడుతుందని తాతయ్యని రమ్మన్నారు. ఆయన వెంట నేనూ. యూనిట్ వాళ్ళు వ్యాన్లలోంచి సామాను దించుతున్నారు. గేటు పక్కన ఒకాయన కిరోసిన్ స్టవ్ బుస్సుమనిపిస్తూ టీ కాస్తున్నాడు. తాతయ్య అక్కడికి పోయాడు. హాలు ఖాళీ. నా గౌను జేబులో ఈస్టర్‌కి చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్క ఉంది. తాతయ్య చివర్లో తెల్లపొడి రుద్దితే మెరుపొచ్చింది, కొవ్వొత్తి కూడా తెల్లగానే ఉంది. సైన్సు అక్కడితో సరిపోయింది. సరిగ్గా షాండ్లియర్ కింద, పళ్ళెమంత మేర, కొవ్వొత్తి అరిగేదాకా రుద్ది గౌను అంచుతో తుడిచాను. అక్క నిలబడే చోటు అందరికంటే ఎక్కువ మెరవాలని.

పాట మొదలైంది. నీలం లంగాల్లో ఇరవైమంది అమ్మాయిలు, ముందు లైన్లో మా అక్క. ఒకటి, రెండు, మూడు, తిరుగు! తిరిగేసరికి అక్క ఒక కాలు బోరబండకి, ఒక కాలు ఎర్రగడ్డకి పోయింది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వి లేచింది. రెండోసారి పక్కమ్మాయిని పట్టుకుని జారింది, ఆ అమ్మాయి ఇంకో అమ్మాయిని పట్టుకుంది, ముందు లైనంతా గోడ మీది సున్నంలా కిందికి రాలింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఏమ్మా, నిలబడ్డం కూడా నేర్పించాలా మేము?" అన్నాడు డ్యాన్సు మాస్టారు మైకులో. "ఇంకోసారి పడ్డావంటే వెనక లైన్లోకి వెళ్ళిపో. ముందుకి రావడానికి ఇరవైమంది ఉన్నారిక్కడ."

అక్క తన కాళ్ళకేసి చూసుకుంది.

మెట్ల మీద నేను లేచాను, కూర్చున్నాను, రెండు మెట్లు దిగాను, మూడు ఎక్కాను. 'అది కొవ్వొత్తి' అని ఒక్క మాటంటే అయిపోయేది. ఒంట్లో నోరు తప్ప అన్నీ కదిలాయి.

జారే నేలకి సినిమావాళ్ళ దగ్గర ఒక మందు ఉంటుంది. కూల్‌డ్రింక్ పోసి ఆరనిస్తే జిగురుకి కాలు అంటుకుంటుంది. చీమలు పడతాయని మేనేజర్ మొత్తుకుంటుంటే ఒకతను సీసా తెచ్చి ఒలకబోశాడు. నేలంతా పరుచుకుంది. షాండ్లియర్ కింద మాత్రం చేమాకు మీద నీళ్ళలా ముత్యాలు ముత్యాలుగా దొర్లిపోయింది.

తాతయ్య వంగాడు. ఒక చుక్కని వేలితో తోశాడు. వేలు వాసన చూశాడు. తర్వాత తలెత్తి మెట్ల వైపు చూశాడు. నేను వెంటనే షాండ్లియర్‌లో ఎన్ని గాజు పూసలున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఎవరయ్యా ఇక్కడ పాలిష్ పట్టింది?" అని మాస్టారు అరిచాడు.

మోకాలి మీద చెయ్యేసి తాతయ్య లేచాడు. "నేనేనండీ. మెరుపు ఎక్కువైపోయింది. ఆ అమ్మాయి తప్పేం లేదు, నాదే."

మేనేజర్ మొహం సున్నం కొట్టినట్టయింది. మాస్టారు వాచీ చూసుకుని భోజనాల బ్రేక్ అన్నాడు. అందరూ విస్తళ్ళ దగ్గరికి పోయారు.

తాతయ్య సంచీలోంచి అరిగిపోయిన ఒకటో నంబరు రాయి తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చెంబుతో నీళ్ళు చల్లుకుని, ఎనిమిది రోజుల తన మెరుపు మీద ఆ గరుకు రాయి పెట్టి గర్రుగర్రున రుద్దాడు. రాయికి మైనం పట్టుకుని జారిపోతుంటే గోటితో గీకి మళ్ళీ రుద్దాడు. కింది షాండ్లియర్ కొంచెం కొంచెంగా చెరిగిపోయింది. చివరికి అద్దం మీద ఊపిరి వదిలినట్టు పళ్ళెమంత మసక మిగిలింది.

అక్క అన్నం పళ్ళెంతో వచ్చి ఆగిపోయింది. "గిదేంది తాతా? నీ పనంత ఖరాబ్ జేస్కుంటున్నవ్!"

"పని మళ్ళీ చేసుకోవచ్చు. నువ్వు ముందు నిలబడమ్మా."

అక్క పళ్ళెం పట్టుకునే అక్కడ గిర్రున తిరిగింది. నిలబడింది. ఒక మెతుకు కూడా రాలలేదు.

భోజనాల తర్వాత మూడోసారికి నేను వేళ్ళ సందుల్లోంచి చూశాను. ఒకటి, రెండు, మూడు, తిరుగు. అక్క తిరిగింది, ఆగింది, కెమెరాకేసి నవ్వింది. ఓకే అన్నారు.

ఇక్కడ కథ ఆపేస్తే ఎంతో గంభీరంగా ఉండేది. కానీ మేనేజర్ భయపడుతూ అమ్మగారికి ఫోన్ చేసి, పాలిష్ మరీ ఎక్కువై డ్యాన్సర్లు నిలబడలేకపోతున్నారని చెప్పాడు. ఆవిడ మురిసిపోయింది. ఆ రోడ్డు మీద అందరికీ చెప్పుకుంది. మూడిళ్ళవాళ్ళు ఆ పాలిష్ పట్టిన ముసలాయన కావాలని కబురు చేశారు. తప్పు ఒప్పుకుంటే గిరాకీ పెరిగే పని ప్రపంచంలో ఇదొక్కటేనేమో. దీంట్లోంచి పిల్లలకి ఏం నీతి చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ఆ మసకని మళ్ళీ మెరిపించడానికి పోయాం. చిన్న జాగా కదా, మిషన్ వద్దన్నాడు తాతయ్య. ఆరు రాళ్ళూ నా ముందు వరసగా పెట్టి చేత్తో రుద్దమన్నాడు. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్లకి నా దగ్గర సమాధానాలుండేవి. ఒకటి రుద్దాను, రెండు సగం రుద్దాను. ఓపిక అయిపోయి నేరుగా ఆరు అందుకున్నాను. ఆయన చూస్తూనే ఉన్నాడు. చివర్లో తెల్లపొడి వేసి రుద్దితే మెరుపొచ్చింది. మెరుపుతో పాటు, అంతవరకూ లేని గీతలు వందొచ్చాయి.

"ఇవెక్కడివి తాతయ్యా?"

"ఒకటో రాయివి. ముందునుంచీ ఉన్నాయి. మెరుపొచ్చేదాకా కనబడవు. మధ్య రాళ్ళు ఎందుకనుకున్నావ్?"

మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. నాలుగో నంబరు దగ్గర, రాయి వైపే చూస్తూ చెప్పేశాను. "తాతయ్యా, కొవ్వొత్తి నేనే."

"నిన్ననే చెప్పాయిలే ఆ చుక్కలు," అన్నాడు. "నాకు కాదే చెప్పాల్సింది. ఆ పిల్లకి చెప్పు."

నాలుగు నుంచి ఆరుకి ఎంతసేపు పట్టిందో తెలియదు కానీ, యూసుఫ్‌గూడలో బస్సు దిగి మా గల్లీ దాకా నడవడానికి ఒక యుగం పట్టింది. నేను దారిలో ప్రతి కొట్టు ముందూ ఆగాను. తాతయ్య ప్రతి కొట్టు ముందూ నాకోసం ఆగాడు.

అక్క డాబా మీద చీరల మధ్య ఉంది. ఆడడం లేదు. కూర్చుని రెండు మడమలకీ నూనె రాసుకుంటోంది. నేను చెప్పాను. అక్క నూనె రాయడం ఆపింది.

"అంటే నా కాళ్ళు కాదా?" అంది.

"కాదు. కొవ్వొత్తి."

"అగో! నిన్నటి సంది నా కాళ్ళే పోయినయ్ అనుకుంటున్ననే! తాత నా పరువు కోసం తప్పు మీదేసుకున్నడనుకున్న. ముందు లైను నాకు రాసిపెట్టి లేదనుకున్న. అమ్మకు జెప్పేసిన, సూపర్ మార్కెట్ల చేరుతనని." అని లేచి, నూనె కాళ్ళతోనే నన్ను డాబా అంతా తరిమింది. దొరికాక రెండు వేసింది. తర్వాత నెత్తి మీద చెయ్యి పెట్టి "దొంగ ముండా, జర ముందు జెప్తె ఏం పోతుండె" అంది. ఆ సాయంత్రం సూపర్ మార్కెట్ ఆలోచన మానుకున్నట్టు వాళ్ళమ్మతో గట్టిగానే చెప్పింది. గల్లీ అంతటికీ వినబడింది.

సినిమా వచ్చాక అందరం కలిసి చూశాం. అక్క మొహం రెండు రెప్పపాట్ల సేపు కనబడింది, చుట్టాలు ఒప్పుకున్నారు. కెమెరా నడుం కిందికి ఎప్పుడూ రాలేదు. "నేల ఏదే?" అని తాతయ్య పాటంతా అడుగుతూనే ఉన్నాడు.

నేనింకా ఒకచోట కూర్చోలేను. ఇది రాస్తూ కూడా నాలుగుసార్లు లేచాను. కానీ ఎక్కడైనా తప్పు చేసి నోరు మూసుకున్నప్పుడు, ఎవరో ఎక్కడో కూర్చుని తన మడమలకి నూనె రాసుకుంటున్నట్టు కనబడుతుంది. ఫోన్ చేసి చెప్పేస్తాను. తిట్లు పడతాయి. ఆ తిట్లు తిన్న రాత్రే నాకు నిద్ర పడుతుంది.

పోయినేడు తాతయ్యని అడిగాను. మైనమని తెలిశాక కూడా ఎనిమిది రోజుల పనిని రాయి పెట్టి ఎందుకు చెడగొట్టుకున్నావని. ఏదో గొప్ప మాట అంటాడని ఫోన్లో రికార్డు కూడా పెట్టుకున్నాను. "ఆ గాభరాలో తోచలేదే" అన్నాడు. "గేటు దగ్గర టీ స్టవ్‌లో కిరోసిన్ ఉంది కదా."

మార్బుల్ మీద మైనం అంటితే కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో రెండుసార్లు తుడిచి, సబ్బునీళ్ళతో కడిగితే పోతుంది. ఐదు నిమిషాల పని.