కొమురన్న అనే సర్వర్

మా కరీంనగర్ ఆఫీసులో సర్వర్ పేరు కొమురన్న. దాన్ని పెట్టి ఇన్నాళ్లూ నడిపిన చెన్నూరు మనిషి పేరే దానికి పెట్టుకున్నాం. ఆయన్ను పోయిన నెల ఉద్యోగంలోంచి తీసేశారు. ఇవాళ ఆ పేరు మేనేజర్ కంట పడింది.

“పోయినోని పేరు ఇంకెందుకయ్యా? తీసెయ్” అన్నాడు.

మార్చేశాను. ఆ పేరుతోనే వెతికే కంప్యూటర్లన్నీ సర్వర్ దొరకడం లేదంటూ ఆగిపోయాయి. అందరి ముందూ నన్ను తిట్టి, మళ్లీ పాత పేరే పెట్టించాడు. అన్నీ నడిచాయి.

“సార్, కొమురన్నను గూడ మళ్ల పిలుద్దామా?” అన్నాను.

“పేరుంటె సాలు. మనిషెందుకు?” అని నవ్వాడు.

ఇంటికి వచ్చేముందు మా పాత ప్రింటర్‌కు మేనేజర్ పేరు పెట్టాను. అరుస్తుంది, పని చేయదు. మీరైతే దేనికి పెట్టేవారు?